లెక్క చేతికి, మనసు నామానికి

ఒక చిన్న మాటను రోజూ వందలసార్లు, వేలసార్లు పలకాలి. పలుకుతున్నంతసేపూ మనసు ఆ మాట మీదే నిలవాలి. ఈజిప్టు ఎడారుల్లో గుహలు వెతుక్కున్న తొలి క్రైస్తవ సన్యాసులు పెట్టుకున్న నియమం ఇది. సూఫీల జిక్ర్, జపాను జోదో బౌద్ధుల అమిద నామస్మరణ, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తెల్లవారుజామున చేసుకునే రామజపం, అన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి. వీటన్నిటికీ ఒకటే చిక్కు. వేయిసార్లు పలకాలంటే ఎన్నయిందో తెలియాలి. లెక్కపెట్టవలసింది మనసే. లెక్కలో పడ్డ మనసు నామంలో ఉండదు. పోనీ లెక్క మానేద్దామంటే, పది నిమిషాలు కాగానే గంట గడిచిందని మనసే నమ్మబలికి లేపేస్తుంది. అందుకే గురువులు సంఖ్య విధించారు. ఆ సంఖ్యను మోసే పని మాత్రం మనసు నుంచి తీసి చేతికి అప్పగించారు.

అన్ని మతాల మార్మికులు చేరింది ఒకే శిఖరానికా అన్న చర్చ పాతదే. ఆల్డస్ హక్స్లీ 1945లో రాసిన పుస్తకంలో ఔనన్నాడు. ఎవరి అనుభవాన్ని వారి సంప్రదాయమే తీర్చిదిద్దుతుంది, అవన్నీ ఒకటనడానికి లేదని స్టీవెన్ కాట్జ్ 1978లో గట్టిగా వాదించాడు. ఆ శిఖరం సంగతి ఎక్కినవాళ్ళకు వదిలేసి, ఎక్కడానికి వాళ్ళు చేసుకున్న పనిముట్టును దగ్గరగా చూడాలని నాకు అనిపిస్తుంది. దాన్ని పట్టుకోవచ్చు, విప్పవచ్చు, మళ్ళీ గుచ్చవచ్చు. దాని ప్రతి భాగం వెనకా ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించిన జాడ కనిపిస్తుంది.

ఈ పనిముట్లలో మొదటిది అరచేయి. కరమాల అంటారు. ఉంగరపు వేలి నడిమి కణుపు మీద బొటనవేలు ఆనించి మొదలుపెడతారు. అక్కడి నుంచి కింది కణుపుకు దిగి, చిటికెన వేలి కింది కణుపుకు జరిగి, పైకి మూడు కణుపులూ ఎక్కుతారు. తరవాత ఉంగరపు వేలి కొస, నడిమి వేలి కొస, చూపుడువేలి కొస. ఆ చూపుడువేలి మీదుగా కిందికి దిగితే పది పూర్తవుతుంది. నడిమి వేలిలో మిగిలిన రెండు కణుపులనూ ముట్టరు, అవి మేరువు. బొటనవేలు నడిచిన దారిని గీసి చూస్తే అది ఎక్కడా తెగదు, ఒక్క కణుపు కూడా రెండుసార్లు తగలదు, చివరికి మేరువు చుట్టూ ప్రదక్షిణ అవుతుంది. కుడిచేతి మీద ఒకట్లు, ఎడమచేతి మీద పదులు నిలిపితే వంద దాకా ఏ వస్తువూ అవసరం లేదు. ముస్లింలలో కూడా వేళ్ళ మీద లెక్కపెట్టడమే శ్రేష్ఠమని చెప్పే పండితులున్నారు. రేపు తీర్పునాడు ఈ వేళ్ళే సాక్ష్యం పలుకుతాయని వారి విశ్వాసం.

వేళ్ళకు వంద దాటితే కష్టం. నాలుగో శతాబ్దంలో ఈజిప్టులోని ఫెర్మే కొండ మీద పాల్ అనే సన్యాసి ఉండేవాడు. రోజుకు 300 ప్రార్థనలు ఆయన నియమం. ఒళ్ళో 300 గులకరాళ్ళు పోసుకుని, ప్రార్థనకొకటి చొప్పున విసిరేసేవాడు. ఒళ్ళు ఖాళీ అయితే నియమం తీరినట్టు. ఎంత సూటిగా ఉందో చూడండి: ఇందులో అంకెలే లేవు, ఒడి బరువు తగ్గడమే లెక్క. ఆయన కథను పల్లాడియస్ అనే రచయిత భద్రపరిచాడు. ఒక పల్లెలో ఒక కన్య రోజుకు 700 ప్రార్థనలు చేస్తోందని విని పాల్ కుంగిపోయి, మకారియస్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడట. తాను అరవై ఏళ్ళుగా వందే చేస్తున్నాననీ, అయినా తన అంతరాత్మ తనను తప్పుపట్టలేదనీ మకారియస్ జవాబిచ్చాడు. సంఖ్య ఉండాలి, సంఖ్యకు లొంగకూడదు. ఈ రెండో సగాన్ని ఆ పెద్దాయన అంత తొలినాళ్ళలోనే పట్టుకున్నాడు.

గులకరాళ్ళతో మనిషి కూర్చున్న చోటికే కట్టుబడిపోతాడు. లేచి నడిస్తే లెక్క చెదురుతుంది. రాళ్ళకు బెజ్జం వేసి దారానికి ఎక్కిస్తే ఆ చిక్కు విడిపోతుంది. దారానికెక్కిన పూసకు వరస వస్తుంది, వరస ఉన్నచోట లెక్క తప్పిపోదు, చీకట్లోనూ నడకలోనూ అది చేతిలోనే ఉంటుంది.

మన జపమాలను పూస దగ్గర్నుంచి చూద్దాం. రుద్రాక్ష పండు నిగనిగలాడే నీలం. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, తొక్కలోని సన్నని పొరల అమరిక వెలుగును విరిచి ఆ రంగు చూపిస్తుంది. గుజ్జు కుళ్ళబెట్టి కడిగేస్తే లోపలి గింజ బయటపడుతుంది. నిలువునా గాళ్ళు పడి ఉంటుంది. ఆ గాళ్ళ మధ్య భాగాలే ముఖాలు, అన్నిటికన్నా విరివిగా దొరికేది పంచముఖి. గింజ నడుమ పైనుంచి కిందికి సహజంగానే సన్నని బెజ్జం ఉంటుంది. పూసలవాడు దాన్ని శుభ్రం చేసి కాస్త వెడల్పు చేస్తే చాలు. గుచ్చడానికి దారి చెట్టే ఇచ్చిందన్నమాట. వైష్ణవులు తులసి కొయ్య పూసలు వాడతారు. తామరగింజలు, స్ఫటికం, చందనం కూడా ఉన్నాయి. స్ఫటికం చల్లగా బరువుగా ఉంటుంది, తులసి తేలికగా ఉండి వేళ్ళ నూనె పీల్చి ఏళ్ళ తరబడి నునుపెక్కుతుంది.

దారం విషయంలో శాస్త్రం చాలా పట్టుదలగా ఉంది. నూలును మూడు పేటలు చేసి పేని, దాన్ని మళ్ళీ మూడు చేసి పేనాలి, అంటే తొమ్మిది పేటల దారం. పూసల దిశ కూడా చెప్పారు. ప్రతి పూసకూ ముఖం, తోక ఉంటాయి. ముఖానికి ముఖం, తోకకు తోక తగిలేలా గుచ్చాలి. పనివాడి కంటితో చూస్తే ఇందులో అర్థం ఉంది. గింజ ఒక కొస వెడల్పుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. సాటి కొసలు ఎదురెదురుగా పడితే పూసలు ఒకదానికొకటి సరిగా ఒదుగుతాయి, మాల మెలిపడదు.

పూసకూ పూసకూ మధ్య బ్రహ్మముడి వేస్తారు. ముడి వదులుగా వేసి, సూదిమొనతో దాన్ని పూస దాకా నెట్టి, అప్పుడు బిగించాలి. బిగించాక ముడి ఎక్కడ పడితే పూస అక్కడ శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి ఈ నెట్టడంలోనే పనితనమంతా ఉంది. ఆ చిన్న ముడి మూడు పనులు చేస్తుంది. పూసలు ఒకదాన్నొకటి ఒరుసుకుని అరిగిపోకుండా ఆపుతుంది. దారం తెగితే ఒకటి రెండు పూసలే జారతాయి, మాలంతా చెల్లాచెదురు కాదు. అన్నిటికన్నా ముఖ్యం, బొటనవేలికి ఒక సందు దొరుకుతుంది. ఒక పూస ముగిసిందనీ మరొకటి మొదలైందనీ ఆ సందే చెబుతుంది. నాకు ఈ మాలలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ సందే.

మాలలో 108 పూసలు, వాటికి వేరుగా మేరువు అనే పూస. ఒక మాల తిప్పితే వంద అయినట్టే జమ కడతారు. మిగిలిన ఎనిమిదీ తప్పిపోయిన వాటికి, పరధ్యానంలో పలికిన వాటికి. మనిషి తప్పు చేస్తాడని ముందే తెలిసి, ఆ తరుగును పనిముట్టులోనే కలిపి కట్టారు. మాలను నడిమివేలి మీద వేసుకుని బొటనవేలితో పూసను తనవైపు లాగుతారు, చూపుడువేలు తగలనివ్వరు. మేరువు దగ్గరికి రాగానే దాన్ని దాటకూడదు. మాలను తిప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. వలయానికి కొస ఉండదు కనుక, అడ్డు లేకపోతే వేళ్ళు నిద్రలోనైనా తిరుగుతూనే పోతాయి. మేరువు తగిలినప్పుడు మాత్రం చేయి ఒక్క క్షణం వేరే పని చేయాలి. ఆ తిరగేయడం కాస్త మెళకువతో కూడినది, మత్తుగా చేయలేం. నూటెనిమిదికి ఒకసారి సాధకుణ్ణి తట్టి లేపే ఏర్పాటు అది. ఈ చేతిపని అంతటినీ ఎవరి కంటా పడకుండా గోముఖి సంచిలో దాచారు, లెక్క ప్రదర్శన కాకూడదని.

ముస్లింల జపమాల అయిన తస్బీలో ఈ ముడులు కనిపించవు. 99 పూసలను తిన్నని దారానికి గుచ్చి, ముప్పైమూడేసి పూసలకు ఒకటి చొప్పున వేరే ఆకారపు అడ్డుపూస పెడతారు. కొసలు రెండూ కలిసే చోట ఇమామ అనే పొడవాటి పూస ఉంటుంది. చిన్న తస్బీలో 33 పూసలే, దాన్ని మూడుసార్లు తిప్పుతారు. నమాజు తరవాత దేవుడి పవిత్రతను 33 సార్లు, స్తుతిని 33 సార్లు, మహత్తును 34 సార్లు పలకడం బాగా తెలిసిన క్రమం. ఇక్కడి నేర్పు దారంలో వదిలిన ఖాళీలో ఉంది. పూసలన్నీ ఒకవైపు నెడితే ఇమామ పక్కన కొద్దిపాటి ఉత్త దారం మిగలాలి. ఆ మిగులులోనే పూస జారుతుంది, జారి పక్కదానికి తగిలి చిన్న చప్పుడు చేస్తుంది. ఖాళీ తక్కువైతే పూస కదలదు, ఎక్కువైతే వేలాడి చిక్కుపడుతుంది. ఒట్టోమాన్ కాలపు పనివాళ్ళు విల్లుతో తిప్పే చిన్న తరిమెన మీద అంబరునూ కొయ్యనూ పూసలుగా చెక్కేవారు. తొంభై తొమ్మిదీ ఒకే కొలతలో ఉంటేనే వేలికి లయ తెలుస్తుంది. తుర్కియేలోని ఓల్తు ప్రాంతపు నల్లరాయి, ఖర్జూరపు గింజలు, షియాల చేతుల్లో కర్బలా మట్టి, ఇవన్నీ తస్బీలయ్యాయి. సూఫీ సభల్లో వెయ్యి పూసల తస్బీని చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ పట్టుకుని కలిసి తిప్పడం కూడా ఉంది.

ముడులు ఎందుకు లేవు? నామం ఎంత పొడవో దాన్నిబట్టి పూసల కూర్పు మారుతుందని నా అవగాహన. తస్బీ పలుకులు రెండు మూడు మాటలవి, వడిగా సాగుతాయి. అంత వడికి జారే పూస కావాలి. కతోలిక జపమాలలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ ఒక్కో పూసకు ఒక పూర్తి ప్రార్థన, వేళ్ళు ఒకేచోట చాలాసేపు ఆగాలి. అందుకే ఒక్కో పూసలోంచి సన్నని తీగ పోనిచ్చి, రెండు కొసలూ కొక్కెంలా వంచి, గొలుసుగా కలుపుతారు. పూస జారదు, తన చోటు వదలదు. మొత్తం 59 పూసలు: మరియమ్మ ప్రార్థనకు 53, ప్రభువు ప్రార్థనకు 6. వలయంలో పదేసి పూసల గుంపులు ఐదు, ఆ పదులను విడదీసే పూసలు కొంచెం ఎడంగా. చీకట్లో కూడా ఆ ఎడం వేలికి అందుతుంది. వలయం కలిసేచోట ఒక పతకం, అక్కడి నుంచి వేలాడే చిన్న తోక, దాని చివర సిలువ. 13వ శతాబ్దపు పారిస్‌లో ఈ పూసలు చేసేవాళ్ళకు సరుకును బట్టి వేర్వేరు సంఘాలుండేవి. ఎముక, కొమ్ము పనివారిది ఒకటి, పగడం, శంఖం వారిది ఒకటి, అంబరు వారిది మరొకటి. విజయవాడ గుణదల కొండ ఎక్కే తెలుగు కతోలికుల చేతిలో ఉండేది ఈ మాలే. దీని ప్రత్యేకత ఇంకొకటుంది. ఒక్కో పదికి క్రీస్తు లేదా మరియమ్మ జీవితంలోని ఒక ఘట్టాన్ని ధ్యానించాలి. చేయి పూస మీద, నాలుక ప్రార్థన మీద, మనసు ఆ ఘట్టం మీద. మూడింటికీ మూడు పనులిచ్చి దేన్నీ ఖాళీగా వదల్లేదు.

గ్రీకు, రష్యా సన్యాసుల జపతాడులో అసలు పూసే లేదు. ముడే పూస. గ్రీకులో కొంబొస్కీని, రష్యన్‌లో చోత్కి అంటారు. నల్ల ఉన్ని తాడును వేళ్ళ మీద చుట్టి, సిలువ ఆకారాలు ఒకదానిలోంచి ఒకటి దూరేలా అల్లి, వాటన్నిటినీ ఒక్క ముడిలోకి బిగిస్తారు. బిగిసిన ముడి గుండ్రంగా, గట్టిగా శనగగింజంత ఉంటుంది. మళ్ళీ విప్పడం దాదాపు అసాధ్యం. మామూలు ముడులు వేస్తుంటే దయ్యం వచ్చి విప్పేసేదనీ, సిలువలు అల్లిన ఈ ముడిని మాత్రం విప్పలేకపోయిందనీ సన్యాసులు కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, జారని ముడి కోసం పడ్డ శ్రమ మాత్రం అందులో తెలుస్తోంది. తాడుకు 33, 50, 100 లేదా 300 ముడులు. పట్టుకుంటే చప్పుడే ఉండదు. మౌనాన్నే సాధనగా పెట్టుకున్న ఆథోస్ కొండ మీది సన్యాసులకు కొయ్యపూసల టకటక కూడా ఎక్కువేనేమో. ముడి వేస్తున్నప్పుడు కూడా ఏసు నామ ప్రార్థన చేస్తూనే వేస్తారు. అంటే ఈ తాడు చేతికి వచ్చేసరికే దాని మీద ఒక జపం జరిగిపోయి ఉంటుంది. తాడు చివరి కుచ్చు కన్నీళ్ళు తుడుచుకోవడానికట. ఒక యాత్రికుడి కథగా వెలువడిన 19వ శతాబ్దపు రష్యన్ పుస్తకంలో గురువు శిష్యుడికి రోజుకు 3,000 జపంతో మొదలుపెట్టి, 6,000కు, తరవాత 12,000కు పెంచుతాడు. ఆ అంకెలు నిలబడింది ఈ ముడుల మీదే.

లెక్క యంత్రంగా చూస్తే అన్నిటికన్నా ముందున్నది జపాను. జోదో సంప్రదాయపు మాలలో ఒకదానిలో ఒకటి దూరిన రెండు వలయాలుంటాయి. ఒకదానిలో 27 పూసలు, మరొకదానిలో 40. ఒక వలయం మీద నామానికొక పూస జరుపుతారు. అది ఒక చుట్టు తిరగ్గానే రెండో వలయంలో ఒక్క పూస జరుగుతుంది. రెండో వలయం పూర్తయ్యేసరికి 1,080 నామాలు. అప్పుడు వేలాడే కుచ్చులోని ఆరు చదును పూసల్లో ఒకటి జరుపుతారు. ఆరూ అయితే 6,480. అప్పుడు గుండ్రటి పది పూసల్లో ఒకటి. పదీ అయితే 64,800. ఈ సంప్రదాయానికి మూలపురుషుడు హోనెన్ రోజుకు 60,000కు పైగా నామాలు పలికేవాడని చెబుతారు కనుక ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. 27, 40, 6, 10 కలిపితే 83 పూసలే. 64,800 దాకా లెక్క మోసేది ఈ గుప్పెడు పూసలే. ఒకట్ల స్థానం నిండితే పదుల స్థానానికి ఒకటి ఎక్కించడం బడిలో నేర్చిన కూడికే. అంకె అన్నదే లేకుండా ఆ స్థానవిలువను దారంతో కట్టి వేళ్ళకు నేర్పారు.

టిబెట్ వాళ్ళు అదే ఆలోచనను ఇంకో దారిలో సాధించారు. 108 పూసల మాలకు రెండు సన్నని తాళ్ళు వేలాడతాయి. ఒక్కో దానికి పది చిన్న లోహపు రింగులు, ఒకదాని చివర చిన్న వజ్రాయుధం, మరొకదాని చివర గంట. ఒక మాల తిరిగితే మొదటి తాడు మీద ఒక రింగు పైకి తోస్తారు. పదీ పైకి వెళితే వెయ్యి. అప్పుడు రెండో తాడు మీద ఒకటి ఎక్కించి, మొదటి పదినీ కిందికి లాగేస్తారు. ఇక్కడ కొలత అంతా బిగువులో ఉంది. రింగు వేలితో తోస్తే కదలాలి, మనిషి నడిస్తే కదలకూడదు. అంత బిగువు కోసం తాడును రింగుల్లోంచి పేటలుగా దూరుస్తారు. పదివేలు దాటాక ఇంకో చిన్న కొక్కెం ఉంటుంది, అది పూసల మధ్యే ఒక్కో అడుగూ జరుగుతూ పోతుంది.

ఈ పనిముట్టు ఒంటి మీద ఏం చేస్తుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మరియమ్మ ప్రార్థనను, బౌద్ధుల మణిపద్మ మంత్రాన్ని పలికించి శ్వాసనూ గుండె లయనూ నమోదు చేసింది. ఫలితాలు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, అంటే పది సెకన్లకు ఒకటి. రక్తపోటు సహజంగా ఎక్కిదిగే నెమ్మది లయ కూడా దాదాపు పది సెకన్లే కనుక రెండూ కలిసి నడిచాయి. ఒకటి యూరపులో, ఒకటి హిమాలయాల్లో రూపు దిద్దుకున్నాయి. దేవుడి గురించి రెండూ చెప్పేది ఒకటి కాదు. వాక్యం పొడవు మాత్రం ఒకే ఊపిరికి సరిపోయేలా కుదిరింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

మాలను కాదన్నవాళ్ళూ మార్మికులే. చేతిలో పూస తిరుగుతూ మనసు ఊరంతా తిరిగితే ఏం లాభమని కబీరు నిలదీశాడు. మనసు కుదరని పూజను వేమన ఎన్ని పద్యాల్లో ఎండగట్టాడో తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు పట్టుకున్న దోషం నిజమైనదే. చేయి బాగా అలవాటుపడితే లెక్క మోయడంతో ఆగదు, జపం కూడా తానే చేసేస్తానంటుంది. ముడి సందు, మేరువు, అడ్డుపూస, పదుల మధ్య ఎడం, ఇవన్నీ ఆ ప్రమాదం ఎరిగిన చేతులే పెట్టిన కాపలాలు అనుకుంటాను.

తెలుగునాట ఈ పనిముట్టు కాగితం మీదికి కూడా వచ్చింది. త్యాగరాజస్వామి 96 కోట్ల రామనామం చేశారని సంప్రదాయం చెబుతుంది. మామూలు గృహస్థు ఒక్క కోటి లక్ష్యంగా పెట్టుకుని రామకోటి రాస్తాడు. ఆ పుస్తకంలో పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు అచ్చువేసి ఉంటాయి, గడికొక నామం. పేజీకి ఎన్నో, పుస్తకానికి ఎన్నో అచ్చు వేసినవాళ్ళే లెక్క కట్టి ఉంచారు. రాసేవాళ్ళు నామం మీదే ఉండొచ్చు. జపమాల తిరిగిన జాడ మిగలదు, ఇక్కడ ప్రతి నామమూ సిరాలో నిలిచి ఉంటుంది. నింపిన పుస్తకాలు భద్రాచలం చేరుస్తారు. రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటికి 10,000 రోజులు, ఇరవై ఏడేళ్ళు దాటుతుంది. అంత కాలం ఒక్క చేతికి అందకపోవచ్చు. అమ్మమ్మ మొదలుపెట్టిన పుస్తకాన్ని కూతురో మనవరాలో అందుకుని రాస్తారు. ఎక్కడ ఆపిందో ఎవరినీ అడగనక్కర్లేదు. ఖాళీగా ఉన్న మొదటి గడిలో కలం పెడితే చాలు.